ఏ లైన్లో ఉందో వేలు పెట్టు

ఆ ఎండాకాలం పిల్లలకన్నా నేనే ఎక్కువ భయపడ్డాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వనపర్తిలో తెలుగు మీడియంలో డిగ్రీ చదివి, పెద్దమందడి వైపు ఒక హైస్కూల్లో విద్యా వాలంటీరుగా చేరాను. అక్కడి ఇంగ్లీషు సారు బదిలీ అయి వెళ్లిపోయాడు, ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. పదో తరగతి పరీక్షలు అయిపోగానే హెడ్మాస్టరు సారు నన్ను పిలిచారు.

"రెసిడెన్షియల్ కాలేజీ ఎంట్రన్సు తొమ్మిదిమంది రాస్తుండ్రమ్మా. లెక్కలు, సైన్సు నేను చూస్కుంట. ఇంగ్లీషు నువ్వు చెప్పు."

"నేనా సార్?"

"నువ్వు గాక ఇంకెవలున్నరు? పరేషాన్ గాకు. ప్యాసేజీల మీద జర జోరు పెట్టు, చాలు."

ప్యాసేజీ అనగానే నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. పదో తరగతి పరీక్షలో పాఠాలు తెలిసినవే, ప్రశ్నలు తెలిసినవే. కంఠతా పడితే గట్టెక్కవచ్చు. ఎంట్రన్సులో అట్లా కాదు. ఎవరూ ఎన్నడూ చూడని ఒక పేరా ఇంగ్లీషులో ఇస్తారు. దాని కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. ఏది సరైనదో ఆ పేరాలోనే వెతికి పట్టుకోవాలి. పిల్లలు దానికి 'చదవని పాఠం' అని పేరు పెట్టారు. డిగ్రీలో నేను ఆ చదవని పాఠాలను ఎట్లా దాటానో నాకు మాత్రమే తెలుసు. ప్రశ్నలో ఉన్న పదం పేరాలో ఎక్కడుందో చూసి, ఆ లైను ఉన్నదున్నట్టు దింపేదాన్ని. అర్థమైందా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఇప్పుడు అడిగేవాళ్లు తొమ్మిదిమంది నా ముందు బెంచీల మీద కూర్చున్నారు.

మొదటిరోజు ఒక రైతు కథ ఇచ్చాను. అతను బావి తవ్వుతూ సగంలో ఆపేస్తాడు. ఎందుకు ఆపాడు అన్నది ప్రశ్న. ఎనిమిదిమంది కళ్లు మూసుకుని 'నీళ్లు పడలేదు' అన్న జవాబుకు టిక్కు పెట్టారు.

"ఎక్కడుందిరా ఆ మాట?" అన్నాను.

"గట్లనే ఐతది టీచర్. మా నాయిన మూడు బోర్లు ఏసిండు, ఒక్కదాంట్ల పడలే" అన్నాడు ఒకడు. మిగతావాళ్లు తమ తమ బోర్ల కథలు మొదలుపెట్టారు. పేరాను అందరూ మరిచిపోయారు.

తొమ్మిదో మనిషి ఒక ఆడపిల్ల. చివరి బెంచీలో కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. ఆ రోజు అడక్కుండానే లేచింది. "నీళ్ల ముచ్చట ఇందుల యాడ లేదు టీచర్. తవ్వుతుంటే పక్కింటాయన గోడ పగిలింది. అందుకే ఆపిండు" అంటూ ఆ లైను మీద వేలు పెట్టి చూపించింది. గోరుతో కింద గీత కూడా గీసింది.

అబ్బ, నాకెంత ధైర్యం వచ్చిందో! అప్పటికప్పుడు ఒక నియమం పెట్టాను. ఎవరు ఏ జవాబు చెప్పినా, అది ఏ లైన్లో ఉందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే జవాబు ఒప్పైనా సున్నానే. మీ ఊళ్లో ఏం జరుగుతుందో, మీ నాయిన ఏం చేశాడో నాకు చెప్పొద్దు, కాగితం ఏం చెబుతుందో అదే చెప్పండి అన్నాను. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది వేళ్లకూ సిరా మరకలే.

ఆ పిల్లకు ఆ సీటు ఎంత అవసరమో నాకు ఆ వారంలోనే తెలిసింది. తల్లిదండ్రులు పుణెలో బిల్డింగు పని చేస్తారు. ఈమెను నానమ్మ దగ్గర వదిలి వెళ్లేవారు. ఆ నానమ్మ చలికాలంలో పోయింది. పరీక్షలు అయ్యేదాకా అని పెద్దమ్మ తన ఇంట్లో ఉంచుకుంది. "సీటొస్తే ఈడనే హాస్టల్ల ఉంట టీచర్. రాకుంటే జూన్‌ల నాయినొచ్చి పుణె తోల్కపోతడు. ఆడ వంట చెయ్యాలె, తమ్మున్ని చూస్కోవాలె" అంది. ఏడవలేదు. బడి బోర్డు మీద టైంటేబుల్ చదివినట్టు చెప్పింది. వణికింది నేను. ఒక మనిషి బతుకు నా అరకొర ఇంగ్లీషు మీద ఆనుకుని ఉందని తెలిస్తే ఎవరికైనా వణుకు పుట్టదా?

పరీక్ష పది రోజులుందనగా ఆ పడవ పేరా వచ్చింది. గైడులో మోడల్ పేపరు అది. ఏరు దాటించమని ఒక షావుకారు పడవవాణ్ని తొందరపెడతాడు. పడవవాడు ఇప్పుడు కుదరదంటాడు. ఎందుకు కుదరదన్నాడు అన్నది ప్రశ్న. వరదకు భయపడి అని నేను చదవకముందే అనుకున్నాను. ఇటిక్యాల దగ్గర మా మేనమామ ఊరికి పోయినప్పుడు కృష్ణ పొంగితే పుట్టి పడవ వేసేవాళ్లు కాదు, ఒడ్డునే కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. గైడు వెనక జవాబుల కీలో కూడా వరద అనే ఉంది. ఇంకేం, బోర్డు మీద రాసేశాను.

"టీచర్, వరద కాదు" అంది ఆ పిల్ల. పేరా మీద వేలుంది. "వరద అన్నది షావుకారు. ఆయన అనుకున్నడు గంతే. పడవాయన ఆ మాటనే అనలే. గీ లైన్ల సూడుండ్రి, తాడు పీలికలైందని కూసొని కట్టుకుంటుండు."

నేను ఆ లైను చూశాను. అక్షరాలు కనిపించాయి కానీ ఏమీ తలకెక్కలేదు. ఎనిమిదిమంది నా మొహం వంకే చూస్తున్నారు. పక్కగదిలో హెడ్మాస్టరు సారు లెక్కల పేపర్లు దిద్దుతున్నారు. తప్పని తేలితే? నాకే ఇంగ్లీషు రాదని ఆయనకు తెలిస్తే? మా వాలంటీర్లను ఏడాదికోసారి తీసుకుంటారు, వద్దనుకుంటే వచ్చే ఏడాది పిలవనే పిలవరు.

"గైడు రాసినోళ్లకన్న నీకెక్కువ తెల్సా? కీల ఏముంటే అదే పెట్టు. కూసో!" అని కసిరాను.

ఆమె వేలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అన్నం కూడా తినకుండా డిక్షనరీ ముందేసుకుని ఆ పేరాను మాట మాట విడదీసి చదివాను. నాలుగోసారికి అర్థమైంది. ఆ పిల్ల చెప్పిందే నిజం. గైడు కీ తప్పు. బోరు పడలేదన్న పిల్లలను తప్పుపట్టిన నేను, కృష్ణ వరదను తెచ్చి ఆ పేరాలో పోశాను. ఛీ అనిపించింది.

మర్నాడు చెప్పేద్దామనే వెళ్లాను. తొమ్మిదిమందిని చూడగానే నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు కూడా అట్లాగే గడిచింది. ఈలోగా నేను చేసిన నష్టం నా కళ్లముందే కనిపించసాగింది. ఆ పిల్ల పేరా మీద వేలు పెట్టడం మానేసింది. ప్రశ్న చదివి నా మొహం వైపు చూసేది. గైడు రాసినవాళ్లు ఏది అనుకుని ఉంటారా అని ఊహించి టిక్కు పెట్టేది. పదికి తొమ్మిది తెచ్చుకునే పిల్లకు నాలుగు వచ్చాయి, తర్వాత మూడు. ఆ పిల్లను నేనే పుణె బండి ఎక్కిస్తున్నానన్న భయం పట్టుకుంది. అయినా నోరు విప్పలేదు చూడండి, అంత పిరికిదాన్ని.

పరీక్ష మహబూబ్‌నగర్‌లో. పిల్లలను నేనే బస్సులో తీసుకెళ్లాను. ఆమె నా పక్కనే కూర్చుంది. కొత్తకోట దాటాక ఇక నావల్ల కాలేదు.

"ఆ పడవ పేరా... నువ్వు చెప్పిందే కరెక్ట్. గైడు తప్పు. నేను కూడా తప్పే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయటికి చూస్తూనే, "మీకెప్పుడు తెల్సింది టీచర్?" అంది.

"ఆ రోజు మధ్యాహ్నమే."

"మరి గప్పుడే చెప్పొద్దా టీచర్?" అంది. ఆ గొంతులో కోపముంది. ఉండాల్సిందే. భూత్పూరు వచ్చాక మళ్లీ అడిగింది. "అయితే ఇయ్యాల వేలు పెట్టొచ్చునా?"

"పెట్టు. నేను చెప్పినా, దేవుడొచ్చి చెప్పినా వేలు తియ్యకు" అన్నాను.

పరీక్ష సెంటరు గేటు బయట ఎండలో నిలబడ్డ ఆ రెండున్నర గంటలు నాకు ఎప్పటికీ గుర్తుంటాయి. పది రోజులు పాడుచేసినదాన్ని ఒక్క మాటతో బాగుచేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. బయటికొచ్చాక ఎట్లా రాశావని అడిగే ధైర్యం కూడా నాకు లేదు. ఆమె చెప్పనూ లేదు.

జూన్‌లో కాల్ లెటర్ వచ్చింది, ఆ తొమ్మిదిమందిలో ఆమె ఒక్కదానికే. నాగర్‌కర్నూల్‌లో సర్టిఫికెట్లు చూపించి సీటు తీసుకోవాలి. పుణె నుంచి వచ్చిన తండ్రి, "నాకు ఇంగిలీషు తెల్వదు టీచర్, జర మీరు గూడ రాండ్రి" అని బతిమాలాడు. కూలీలను పుణె తీసుకెళ్లే మేస్త్రి లారీ ఎల్లుండి బయల్దేరుతుందట. సీటు అయితే ఒక్కడే ఎక్కుతాడు, లేకపోతే ఇద్దరూ ఎక్కుతారు.

కాలేజీ ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి, "ఇన్‌కం సర్టిఫికెట్ ఏది?" అన్నాడు.

"దరఖాస్తు పెట్టినం సార్. ఎమ్మార్వో సారు జమాబందీ లెక్కలకు పోయిండు. రసీదు ఇచ్చిండ్రు" అన్నాడు తండ్రి, రెండు చేతులతో రసీదు ముందుకు చాపి.

"రసీదుతోని నేనేం చెయ్యాలె? సర్టిఫికెట్ లేకుంటే సీటు లేదు. రూల్సు గట్లున్నయి. పక్కకు జరుగుండ్రి."

"సరే సార్" అన్న మాట నా నోట్లోంచే వచ్చింది. తండ్రి రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం వెనక్కి తిరిగాం. ఆ పిల్ల మాత్రం కదల్లేదు.

"ఏ లైన్ల ఉంది సార్?"

గుమాస్తా తలెత్తాడు. "ఏంది?"

"రూలు. ఏ లైన్ల ఉందో జర చూపియ్యండి సార్." ఆమె కాల్ లెటర్ మూడో పేజీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ సన్న అక్షరాల పేజీని నేను చదవనే లేదు. కింది నుంచి నాలుగో లైను దగ్గర గోరుతో గీసిన గీత ఉంది. దాని మీద వేలు పెట్టింది.

గుమాస్తా ఆమెను వదిలేసి నావైపు తిరిగాడు. "ఏందమ్మా, నువ్వు టీచర్‌వు గద? పిల్లకు రూల్సు చెప్పి తోల్కపో."

మళ్లీ అదే భయం. ఈ సారుకన్నా నాకు ఎక్కువ తెలుసా? వెనక లైన్లో ఉన్నవాళ్లందరూ చూస్తున్నారు. ఆ పిల్ల మాత్రం నావైపు చూడలేదు. కాగితం వైపే చూస్తోంది. నేను బల్ల దగ్గరికి వచ్చి, ఆమె వేలి పక్కన నా వేలు పెట్టి, ఆ లైను ఇంగ్లీషులో పైకి చదివాను. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. ఆపలేదు. దరఖాస్తు రసీదు చూపించినవాళ్లకు సీటివ్వాలని, సర్టిఫికెట్ కాలేజీలో చేరిన తర్వాత ఇచ్చినా చాలునని ఉందని తెలుగులో కూడా చెప్పాను.

గుమాస్తా లెటరు తనవైపు తిప్పుకుని ఆ లైను చదివాడు. లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు. రసీదు కోసం చెయ్యి చాపాడు. తండ్రి జేబులోంచి తీసి ఇస్తే ఫైలులో పిన్ను కొట్టి ముద్ర వేశాడు.

ఆ ఇంగ్లీషంతా అర్థంకాని తండ్రి మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూశాడు. వరండాలోకి వచ్చాక బిడ్డ భుజం పట్టుకుని, "ఏమన్నడు బిడ్డా ఆ సారు?" అని అడిగాడు.

"పుణెకు నేను రాను నాయినా" అని, అప్పుడు ఏడ్చింది.