హేమలత మార్చిన బటను

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే ఇదివరకు గుమ్మంలో నిలబడాల్సిందే. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు. ఆ పుణ్యం నేతగాడు చంద్రశేఖర్ కూతురు హేమలతది. ఆదోనిలో కంప్యూటర్ చదువు చదివొచ్చిన ఆ పిల్ల, నాన్న మగ్గం పక్కనే కూర్చుని వీధి కోసం ఒక వెబ్‌సైటు తయారుచేసింది. ఎవరి సీమంతం, ఎక్కడ భజన, అన్నీ అందులో కనిపిస్తాయి. పిలుపు అందినవాళ్లు ‘వస్తాము’ అనో ‘రాము’ అనో నొక్కితే వంట ఉచ్చీరప్ప ఫోనులో లెక్క అప్పటికప్పుడే మారిపోతుంది.

మొదట ఎక్కించింది ఆ వీధి కోడలు అర్చన సీమంతం. వీధంతా ‘వస్తాము’ అని నొక్కింది. ఉచ్చీరప్ప ఆ లెక్కకే వండాడు. తీరా వచ్చింది సగం మందే. మిగిలిన చిత్రాన్నం ఇంటింటికీ మోయలేక చచ్చారు.

"నీ ఫోను అబద్ధాలు సెప్తాంది పాపా," అన్నాడు వీధి పెద్ద తిక్కయ్య. "భజన భోజనాలకు ఇంకొక్కసారి సూస్తా. అప్పుడూ ఇట్లే అయితే మూసేయాల."

హేమలతకు అన్నం సయించలేదు. ‘వస్తాము’ అని నొక్కి రాకుండా ఉన్న శ్రీశైలమ్మను నేరుగా పోయి అడిగింది.

"పెద్దమ్మా, రాలేనప్పుడు ‘రాము’ అని నొక్కొచ్చు గదా?"

"కడుపుతో ఉండే పిల్లకు గాజులు తొడుగుతాము రమ్మంటే, రాము అంటారేమే? నోటికి రాని మాట వేలికి యాడ వస్తాది?"

"మరి పోలేకపోతే ఏమంటావు?"

"వీలు సూసుకోని వస్తాములే అంటా. పిలిసినోళ్లకు తెలిసిపోతాది. అది సరే గాని, నీకు సంబంధాలు సూస్తాండారంట, నిజమేనా?"

హేమలత అప్పటికే ఇంటికి పరుగెత్తింది. ‘రాము’ తీసేసి ‘వీలు చూసుకొని వస్తాము’ అని పెట్టింది. అది నొక్కినవాళ్లకు బియ్యం పోయొద్దని ఉచ్చీరప్పకు చెప్పింది.

భజన రోజు పొద్దున్నే వీధికి మొహమాటం వదిలింది. ఒకరి వెంట ఒకరు కొత్త బటను నొక్కి వీలు చూసుకోసాగారు. లెక్క తగ్గేకొద్దీ ఉచ్చీరప్ప పెద్ద గంగాళం పక్కకు నెట్టి చిన్నది పొయ్యి మీదికి ఎక్కించాడు.

"తక్కువైతే మానం పోతాది," అని గొణుగుతూ తిక్కయ్య పొయ్యి దగ్గరే కాపలా కూర్చున్నాడు.

ఆఖరి పంక్తి లేచాక గంగాళంలో మిగిలింది వంటవాళ్లకు సరిగ్గా సరిపోయింది. తిక్కయ్య మూత ఎత్తి చూసి, మళ్లీ పెట్టి, హేమలతను పిలిచాడు.

"మా మనవరాలి నామకరణం గూడా దీంట్లో ఎక్కియ్యి పాపా."

"ఎప్పుడు తాతా?"

"దినం ఇంకా పెట్టలేదు. ముందు నువ్వు బటన్లు పెట్టు. మా ఇంటికి ఎవురెవురు వీలు సూసుకుంటారో నేనూ సూడాల."