ఆఖరి చుట్టు

కాంతమ్మ పొద్దున్నే పొయ్యి వెలిగించదు. ముందు గుమ్మంలో పీట వేసుకుని ఒక లేసు పువ్వు అల్లుతుంది. కొక్కెపు సూది దారాన్ని పట్టి లాగుతుంటే ఆమె కళ్ళు వీధిలో ఉంటాయి. ఆ చేతికి కళ్ళతో పని లేదు. పువ్వు పూర్తయ్యాక దారం తెంపి, సత్తుగిన్నెలో పడేసి, అప్పుడు టీ పెడుతుంది. పెళ్ళయి సఖినేటిపల్లి వచ్చిన నాటి నుంచీ, అంటే ముప్పై ఏళ్ళ పైమాటే, ఇదే వరస.

ఆ చుట్టుపక్కల లేసు ఒక్క చేతి మీద తయారు కాదు. పువ్వులల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు. వాటిని కలిపి గుడ్డ చేసేది అతుకుపని వాళ్ళు. ఆ గుడ్డల్ని పంటు ఎక్కించి గోదావరి దాటించి నరసాపురం చేర్చేది ఏజెంటు. ఒకరి పని ఒకరు నేర్పరు, ఒకరు అడగరు. కాంతమ్మ అల్లినవన్నీ గోడ అవతలున్న తోటికోడలు బుజ్జమ్మ చేతికే వెళ్ళేవి. మెప్పు మాత్రం ఆ గోడ దాటి ఇవతలికి ఎప్పుడూ రాలేదు. కాంతానికి బుర్ర అంత దూరం పోదని, అతుకు దానివల్ల కాదని బుజ్జమ్మ పదిమందిలో అనేది. కాంతమ్మ నవ్వి ఊరుకునేది. ఊరుకుని ఊరుకుని ఆ మాట తనే నమ్మింది. నాది పువ్వు పని, మిగతాది నాకెందుకు అని తన చుట్టూ తనే గిరి గీసుకుని కూర్చుంది.

కొత్త చర్చి కట్టి ప్రతిష్ఠకి రోజు ఖాయం చేశాక, ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ఎవరిస్తారని పాస్టరు అయ్యగారు స్త్రీల సమాజంలో అడిగారు. ఇచ్చినవాళ్ళ పేరు అంచున కుట్టడం అక్కడి ఆనవాయితీ. బుజ్జమ్మ లేచింది.

"నా పేరు కుట్టించండి అయ్యగారూ. పువ్వులకేం, మా కాంతం పడేస్తాదిగా."

కాంతమ్మకి ఏం పూనిందో, కూర్చున్నచోటి నుంచే, "ఈసారి గుడ్డంతా నేనే చేస్తానండి" అంది.

ఆడవాళ్ళు నవ్వారు. బుజ్జమ్మ నవ్వలేదు.

"చెయ్యి. చేతకాక నా గుమ్మం ఎక్కేవంటే మాత్రం చీపురు తిరగేస్తాను."

"ఆయ్, అలాగే" అంది కాంతమ్మ. మస్కట్‌లో ఉన్న భర్త స్టీఫెన్‌కి ఈ కబురు ఆమె కంటే ముందే ఎవరో చేరవేశారు. వదినతో పెట్టుకుని నువ్వు గెలవలేవు, ఒప్పేసుకో అన్నాడు. కాంతమ్మ ఫోను పెట్టేసింది.

పువ్వులు కుప్ప పడ్డాయి. కలపడం దగ్గరే వ్యవహారం అడ్డం తిరిగింది. సూదీదారంతో ఒకదానికొకటి కుట్టి పరిస్తే, గుడ్డ బోర్లించిన బుట్టలా మధ్యలో లేచి కూర్చుంది. ఇస్త్రీ పెడితే అంచులు వంకర తిరిగాయి. విప్పింది, కుట్టింది, మళ్ళీ విప్పింది. ప్రతిష్ఠ నాటికి బల్ల మీద దుప్పటి పరుచుకోవాలేమో అని గోడ అవతల బుజ్జమ్మ కావాలనే గొంతు పెంచి అనేది.

డిగ్రీ చదువుతున్న కూతురు నిఖిత ఫోన్లో ఒక గ్రూపు చూపించింది. అల్లికల గురించి ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడుగుతారట, తెలిసినవాళ్ళు చెబుతారట. కాంతమ్మ కస్సుమంది. ఊళ్ళో పోయిన పరువు చాల్లేదా, ఊరు కూడా దాటించాలా అంది. అయినా గుడ్డ మరోసారి లేచి కూర్చున్నాక, కూతురు చూడకుండా ఫోను తీసి, తను చెబుతుంటే అక్షరాలు పడేట్టు పెట్టుకుని అడిగింది: "ముప్పై ఏళ్ళుగా పువ్వులల్లుతున్నానండి. అతకడం రాదండి. ఎలాగండి?" కింద గుడ్డ ఫోటో పెట్టింది.

జవాబులు మొహాన కొట్టినట్టు వచ్చాయి. ఇన్నేళ్ళూ గాడిదలు కాశారా అని ఒకరు. అది లేసా, చేపల వలా అని ఒకరు. పళ్ళికిలించే బొమ్మలు వరసగా పెట్టినవాళ్ళు కొందరు. ఫోను విసిరి కొట్టబోతుంటే, పలాస నుంచి ఎవరో, మొహానికి బదులు పిల్లి బొమ్మ పెట్టుకున్న మనిషి, ఇలా రాసింది:

"పువ్వు ఎందుకు పూర్తి చేస్తున్నారు? ఎవరు చెయ్యమన్నారు? ఆఖరి చుట్టులో పక్క పువ్వు అంచులోకి సూది దూర్చి, దాన్ని పట్టుకుంటూ అల్లండి. అతుకే ఉండదు. చేసి చూసి అప్పుడు మాట్లాడండి."

పిలుపులో అమ్మా లేదు, అక్కా లేదు. ఆ సాయంత్రమంతా కాంతమ్మ గిన్నెల మీద కోపం చూపించింది. ఎవరు చెయ్యమన్నారట! అతుకుపనికి పూర్తయిన పువ్వే కావాలి మరి. గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగింది. ఈ పువ్వులు అతుకుపనికి వెళ్ళేవి కావు.

మర్నాడు పీట వేసుకుంది. చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్ళ వేగం మీద ఆఖరి చుట్టు దానంతటదే తిరిగి ముడి పడిపోయింది. విప్పింది. మళ్ళీ పడింది. చివరికి వీధిలోంచి కళ్ళు తీసి చేతి మీద పెట్టాల్సి వచ్చింది. సూది పక్క పువ్వు అంచుని అందుకుంది. అలా వరస పూర్తి చేసి నేల మీద పరిచింది. లేస్తుందేమోనని కాసేపు చూసింది. లేవలేదు.

ప్రతిష్ఠకి ముందురోజు, అంచున కాంతమ్మ పేరుతో గుడ్డ బల్లెక్కింది. బుజ్జమ్మ అందరికంటే ముందు వచ్చి, అంచు తిరగేసి, వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరికి తడిమింది.

"అతుకేదే?"

"లేదక్కా. అక్కర్లేదు."

బుజ్జమ్మ చెయ్యి గుడ్డ మీదే ఉండిపోయింది. "అయితే ఇన్నేళ్ళూ నేను చేసిందేంటి?"

మంచిమాట ఒకటి కాంతమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఫోన్లో అడుగక్కా. తిడతారు గానీ చెబుతారు."

తోటికోడళ్ళకి ఆనాటి నుంచీ మాటల్లేవు. ఏజెంటు గుడ్డల కోసం ముందు కాంతమ్మ గుమ్మానికే వస్తాడు. గ్రూపులో ఎవరైనా అతకడం గురించి అడిగితే ఆమె జవాబు రాస్తుంది. అందులోనూ అమ్మా అక్కా ఉండవు. పొద్దున్నే పీట వేసుకుని పువ్వు అల్లుతుంది. ఆఖరి చుట్టు వెయ్యకుండా గిన్నెలో పెట్టి, లేచి పొయ్యి వెలిగిస్తుంది.