ఫ్రాన్సిస్ అన్నయ్యకి చెప్పాల్సిన మాట

యానాం మెట్టకూరులో జాకెట్లు కుట్టే కామేశ్వరికి నోరు లేదని ఎవరూ అనలేరు. లైనింగు గుడ్డ రంగు పోయిందంటే కొట్టుదాకా నడిచివెళ్లి, ఆ గుడ్డని కొట్టువాడి కళ్లముందే చెంబు నీళ్లలో ముంచి చూపించి వచ్చిన మనిషి. "రేపే పెళ్లి, ఇవాళే కుట్టిచ్చెయ్యాలి" అంటూ నవ్వుతూ వచ్చినవాళ్లని అంతే నవ్వుతూ వెనక్కి పంపగలదు. అలాంటి కామేశ్వరి ఒక్క మాట చెప్పలేక రెండు నెలలు నానా అవస్థా పడింది. "మేం కేబులు తీసేశాం అన్నయ్యా." అంతే ఆ మాట.

వినాల్సిన మనిషి ఫ్రాన్సిస్. ఆ చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆయనే కేబులాయన. పన్నెండేళ్ల కిందట కామేశ్వరి దంపతులు ఆరేళ్ల పిల్ల శ్రావణిని వెంటబెట్టుకుని తాళ్లరేవు పక్క పల్లె నుంచి ఇక్కడికి వచ్చారు. భర్త అప్పారావుకి రొయ్యల చెరువుల మీద పని. ఊళ్లో ఒక్క మొహమూ ఎరిగింది లేదు. దిగిన మూడో రోజున కేబులు కావాలా అని గుమ్మంలోకి వచ్చిన ఫ్రాన్సిస్, మూల ఉన్న కుట్టు మిషను చూసి, "మీరు కుడతారాండీ?" అని అడిగాడు. అంతే. ఆ నెల బిల్లుల కోసం గడప గడపా తిరుగుతూ, "మెట్టకూరులో కొత్తగా ఒకావిడ దిగారు, చెయ్యి చాలా మంచిది" అని చెప్పుకొచ్చాడు. ఆమె కుట్టిన జాకెట్టు ఆయన అప్పటికి ఒక్కటీ చూడలేదు. మొట్టమొదటి ముక్క తెచ్చింది ఆయన భార్య ఫిలోమినా. అప్పటి నుంచీ ఆవిడ క్రిస్మస్ జాకెట్టు ఏటా కామేశ్వరే కుట్టాలి. డిసెంబరు మొదటి వారం దాటకుండా ముక్క వచ్చేస్తుంది. ప్రతి నెలా ఐదో తారీఖున ఫ్రాన్సిస్ వస్తాడు, బిల్లు తీసుకుంటాడు, టీ తాగుతాడు, "ఉంటా చెల్లెమ్మా" అని బండెక్కుతాడు. అన్నదమ్ములు లేని కామేశ్వరికి ఆ పిలుపు ఎంత ఇష్టమో అప్పారావుకి కూడా తెలియదు.

టీవీ ఆమెకి కాలక్షేపం కాదు, పనిముట్టు. జాకెట్టు ముక్క తెచ్చే ఆడవాళ్లు కొలతలు చెప్పరు, సీరియల్ పేరు చెబుతారు. "చిన్నకోడలు నిన్న వేసుకుందే, ఆ చేతులు పెట్టండి" అంటారు. ఆ కోడలు తిన్నగా ఒక్కచోట నిలబడి చావదు. ఇటు తిరిగితే అత్త అడ్డం, అటు తిరిగితే ప్రకటన అడ్డం. కామేశ్వరి చేతిలో సుద్దముక్కతో ఎదురుగా కూర్చుని, కనబడ్డంత మేర దొరికిన గుడ్డ మీద గబగబా గీసుకునేది. ఒకసారి ఆ కంగారులో అప్పారావు కొత్త పంచె మీద వీపు డిజైను మొత్తం గీసేసింది. ఆయన అది చూసుకోకుండా కట్టుకుని పెళ్లికి వెళ్లొచ్చాడు కూడా.

దసరా సెలవుల్లో శ్రావణి లెక్క తేల్చింది. "ఫోనులో నెట్టు రోజూ సగం మిగిలిపోతంది. సీరియళ్లన్నీ అందులోనే వత్తన్నాయి. కేబులు బిల్లు చూస్తే ఏటేటా పెరుగుతంది. రెండిటికీ ఎందుకమ్మా కట్టడం? ఆ డబ్బులు పికో మిషనుకి దాచుకో." చీర అంచులకి పికో కుట్టు వేయించుకోమని వచ్చినవాళ్లని బజారుకి పంపుతున్న ప్రతిసారీ చేజారిపోయే బేరాన్ని తలుచుకుని కామేశ్వరి సరేనంది. టీవీ వెనక గుచ్చితే ఫోను నెట్టుతోనే సీరియళ్లు చూపించే వేలెడంత స్టిక్కు వచ్చింది. రాష్ట్రం ఏదని అది అడిగితే, యానాం పుదుచ్చేరి కిందికే వస్తుంది కదా అని శ్రావణి పుదుచ్చేరి అని నొక్కింది. దాంతో తెర నిండా తమిళమే. రెండు రోజులు సీరియల్లో అత్తగారు కోడల్ని తమిళంలో తిట్టింది.

"ఆగమ్మా, మారుస్తాను" అంటూ శ్రావణి తంటాలు పడుతుంటే, "తిట్టు ఏ భాషలోనైనా తిట్టే కదే, నన్ను ఆ చేతులు చూడనీ" అంది కామేశ్వరి.

మూడోనాటికి తెలుగూ వచ్చింది, అంతకంటే పెద్ద భాగ్యం ఒకటి బయటపడింది. రిమోటు మీద ఒక మీట నొక్కితే చిన్నకోడలు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది! చేతులెత్తి ఏడుస్తుంటే అలాగే ఏడుస్తూ ఉంటుంది, ఈవిడ తాపీగా కుచ్చులు లెక్కపెట్టుకోవచ్చు. కామేశ్వరి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆ వారంలో చేతుల డిజైన్లే పదకొండు గీసింది, అన్నీ కాగితం మీదే.

ఇక ఫ్రాన్సిస్‌కి చెప్పడమే మిగిలింది. ఐదో తారీఖున ఆయన వచ్చాడు. కామేశ్వరి గొంతు సవరించుకుంది. "అన్నయ్యా, మరీ..." అని, "పంచదార సరిపోయిందా?" అంది. బిల్లు ఇచ్చి పంపించింది. ఆయన వెళ్లాక తలుపు చాటు నుంచి శ్రావణి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇప్పుడు స్టిక్కుకీ కట్టి, చూడని కేబులుకీ కట్టి, దీన్ని పొదుపంటారా?"

"మొదటి కస్టమర్లని తెచ్చిపెట్టిన మనిషే. మొహమ్మీద ఎలా చెప్పనూ?" అంది కామేశ్వరి. మొహమాటానికి మందు ఎవరి దగ్గరుంది?

ఆ నెలాఖర్లో తుఫాను వచ్చి రెండు రోజులు ఊరిని ఊపేసి పోయింది. నవంబరు ఐదున ఫ్రాన్సిస్ రావడం కిటికీలోంచి చూసి, అనుమానం రాకుండా కామేశ్వరి టీవీ పెట్టి కూర్చుంది. ఆయన టీ గ్లాసు పట్టుకుని తెరకేసి చూసి మురిసిపోయాడు.

"చూశావా చెల్లెమ్మా, అంత గాలికి కూడా మన లైను చెక్కు చెదర్లేదు! బొమ్మ అద్దంలా ఉంది. డబ్బులెక్కువని అంటారు గానీ, ఈ క్లారిటీ ఇంకెవడిత్తాడు? మన సిగ్నలే సిగ్నలు!"

కామేశ్వరికి కుర్చీ కింద దూరిపోవాలనిపించింది. ఆ నెలా బిల్లు ఇచ్చింది. ఆ రోజు సీరియల్లో ఏం జరిగిందో ఆమెకి ఒక్క ముక్కా ఎక్కలేదు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ జాకెట్లు గుట్టలు పడ్డాయి. కామేశ్వరి తల ఎత్తకుండా కుడుతోంది. చిన్నకోడలి భుజం దగ్గర మడతలు తేలక బొమ్మని ఆపి, తెరకి ముక్కు ఆనించి చూస్తుండగా వెనక నుంచి గొంతు వినబడింది.

"అదేంటి చెల్లెమ్మా, బొమ్మ ఆగిపోయింది?"

ఐదో తారీఖన్న సంగతే మర్చిపోయింది. తెర మీద చిన్నకోడలు నోరు తెరిచి నిలబడి ఉంది, ఇక్కడ కామేశ్వరి కూడా అంతే.

"సిగ్నలు కొట్టేసినట్టుంది. కంగారు పడకు, నేను చూత్తాను కదా" అని ఫ్రాన్సిస్ అప్పటికే బయటికి పరుగెత్తాడు. ఆమె "అన్నయ్యా, వద్దు" అనేలోపు ఎదురింటి నిచ్చెన తెచ్చి స్తంభానికి వేశాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి తన అబద్ధం కోసం స్తంభం ఎక్కుతుంటే కామేశ్వరి పరుగున వెళ్లి నిచ్చెన పట్టుకుంది. పైన కాసేపు వెతికి, ఆయన మెల్లగా కిందికి దిగాడు. చేతిలో ఒక వైరు ముక్క.

"మీ ఇంటి వైరు తెగిపోయుంది చెల్లెమ్మా. ఇప్పుడు కాదు, తుఫానుకే తెగింది. కొస చూడు, ఎలా చిలుం పట్టిందో." వైరు వంకా, లోపల టీవీ వంకా మార్చి మార్చి చూశాడు. "మరి పోయిన నెల బొమ్మ ఎలా వచ్చింది?"

ఇక దాచడానికేముంది? కామేశ్వరి గుమ్మంలో నిలబడి అంతా చెప్పేసింది. స్టిక్కూ, పికో మిషనూ, నోరు రాకపోవడమూ, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఫ్రాన్సిస్ వైరుని మోచేతికి చుట్టలు చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. జేబులోంచి రెండు నెలల బిల్లు డబ్బులు తీసి అరుగు మీద పెట్టాడు.

"టీ తాగి వెళ్లు అన్నయ్యా" అంది.

"ఇప్పుడొద్దమ్మా" అని బండెక్కాడు. ఉంటానని కూడా అనలేదు.

ఫిలోమినా జాకెట్టు ముక్క రాలేదు. ఏడో తారీఖు దాటింది, పది దాటింది. పండక్కి కుట్టడం ఇక నావల్ల కాదని కామేశ్వరి పదో తారీఖు నుంచి అందరినీ వెనక్కి పంపేస్తోంది గానీ, గుమ్మంలో అలికిడైతే చాలు మిషను ఆపి చూసేది. పదిహేను దాటాక చూడటం మానేసింది. "పుట్టింటి దారి మూసుకుపోయినట్టుందండీ" అని అప్పారావుతో అని, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

పంతొమ్మిదిన మధ్యాహ్నం బండి ఆగింది. ఏ నెలలోనూ పంతొమ్మిదిన ఆ గుమ్మం ముందు ఆగిన బండి కాదది. ముందు ఫిలోమినా దిగింది, ఆవిడ వెనకాల దాక్కున్నట్టుగా ఫ్రాన్సిస్.

"నేను రెండో తారీఖునే వచ్చేద్దుననుకో, బంధువులొచ్చారు. ఆ తర్వాత ఈయన రానివ్వలేదు" అంది ఫిలోమినా. "అడుగు, ఎందుకో!"

"నా మీద కోపం వచ్చి ఉంటుంది వదినా. న్యాయమే" అంది కామేశ్వరి తల దించుకుని.

"కోపమేంటమ్మా!" ఫ్రాన్సిస్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "సిగ్గేసింది. తెగిపోయిన వైరుకి డబ్బులు తీసుకుని, పైగా మన సిగ్నలే సిగ్నలు అని నీ ముందు అంత గొప్పలు పోయానా? ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నిద్ర పట్టలేదు. మళ్లీ ఏ మొహం పెట్టుకుని రానూ?"

కామేశ్వరి తలెత్తి చూసింది. రెండు వారాలుగా ఆమె పడ్డ బాధే ఆయన మొహంలోనూ ఉంది.

"ఇంకోటి కూడా చెప్పండి మరి" అని మొగుణ్ణి పొడిచి, ఆయన నోరు విప్పేలోపు ఫిలోమినాయే చెప్పేసింది. "మా ఇంట్లో నేను ఈస్టర్ నుంచీ ఫోనులోనే చూత్తన్నాను. కేబులాయన ఇంట్లోనే కేబులు పెట్టట్లేదని బయటికి తెలిస్తే పరువు పోతుందని, నాచేత ఒట్టేయించుకున్నాడు!"

ముందు శ్రావణి నవ్వింది, తర్వాత కామేశ్వరి. నవ్వు ఆపుకోలేక మిషను మీద వాలిపోయింది. ఫ్రాన్సిస్ కాసేపు బిక్కమొహం వేసి, చివరికి తనూ నవ్వేశాడు. "నవ్వండి, నవ్వండి. నాకిప్పుడు ఇంటర్నెట్ లైన్లు వేసే పనే చేతినిండా ఉంది. నా గురించి బెంగెట్టుకోకండి" అన్నాడు.

ఫిలోమినా సంచిలోంచి ముక్క తీసింది. చిలకాకుపచ్చ రంగు, జరీ అంచు. "పండక్కి ఆరు రోజులే ఉంది. అవుతుందా?"

కామేశ్వరి ఆ ముక్కని చేతిలోకి తీసుకుంది. మడత విప్పి జరీ అంచు తడిమి చూసి కళ్లెర్రజేసింది.

"ఇంత ఆలస్యంగానా తేవడం? నేను మనిషినా, మిషనునా? ఇంకోళ్లయితే గుమ్మం ఎక్కనిచ్చేదాన్నే కాదు. ఇలా వచ్చి నిలబడు వదినా, కొలతలు తియ్యాలి. అన్నయ్యా, నువ్వు కూర్చో, టీ పెడతాను."