కిటికీలోంచి ఎక్కించిన మనవడు

వేసవి సెలవులు వస్తే మా కోడలికి కాలు నిలవదు. విశాఖపట్నంలో ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్తుంది. బడి మూసేయగానే ఏడేళ్ళ మనవరాలినీ, నాలుగేళ్ళ మనవడినీ వెంటబెట్టుకుని చోడవరంలో మా ఇంటికి వచ్చేస్తుంది. మా అబ్బాయి డ్యూటీలు చూసుకుని ఆదివారాలు వస్తాడు. వచ్చిన కోడలు ఫ్యాను కింద కూర్చుని పిల్లలకి టీవీ పెట్టొచ్చు కదా, పెట్టదు. రోజుకో చోటికి బయల్దేరదీస్తుంది. ఒకరోజు తెల్లారకుండానే, గాలికి రాలిన మామిడికాయలు ఏరడానికి తోటకి. ఇంకోరోజు దేవరాపల్లి బస్సెక్కి రైవాడ డ్యాము నీళ్ళు చూడ్డానికి. అక్కడ పిల్లాడి చెప్పు ఒకటి నీళ్ళల్లో కొట్టుకుపోతే, రెండోది కూడా విసిరేసి, వాణ్ణి చంకనేసుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. నాకు నవ్వు రాలేదు.

"ఈ ఎండలోన ఏటమ్మా ఈ తిరుగుళ్ళు? పిల్లలకి వడదెబ్బ కొడితే ఎవులు పడతారు?" అన్నాను.

"ఇంట్లో ఉంటే ఫోను దెబ్బ కొడతాది అత్తయ్యా," అంది.

నాకు కోపమొస్తే మొహమ్మీదే అనేస్తాను. ఆమె వింటుంది. మర్నాడు మళ్ళీ నీళ్ళ సీసా నింపుతుంది. పోయిన వేసవిలో నేను కూడా వాళ్ళ వెంట పడ్డాను. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికని చెప్పాను. అసలు సంగతి, వాళ్ళు వెళ్ళిపోయాక ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేక.

ఆ రోజు మాడుగుల ప్రయాణం. మాడుగుల హల్వా చోడవరంలో కూడా అమ్ముతారు. కానీ చేసే చోటే వేడివేడిగా తినిపిస్తానని పిల్లలకి మాటిచ్చేసింది. తొమ్మిది కాకుండానే బస్సు కాంప్లెక్సు నిండిపోయింది. ఆడవాళ్ళకి టికెట్టు తీసేసిన దగ్గర్నుంచి బస్సు గుమ్మంలో కాలు పెట్టే సందు దొరకడం లేదు. పైగా పెళ్ళిళ్ళ రోజులు. ఎక్కలేక రెండు బస్సులు వదిలేశాం. ఈలోగా మనవరాలికి ఒంటికి వచ్చింది. కోడలు దాన్ని తీసుకుని వెళ్తూ, "అత్తయ్యా, బాబు చెయ్యి వదలకండి. బస్సొచ్చినా ఎక్కకండి. మేమొచ్చేక అందరం కలిసి ఎక్కుదుం," అంది.

చెప్పింది. నేను విన్నాను. చెప్పకుండా వెళ్ళిందని ఎవరూ అనుకోకూడదని ఈ మాట ముందే రాస్తున్నాను.

వాళ్ళు అటు తిరిగారో లేదో బస్సు వచ్చి ఆగింది. వెనక అద్దంలో ఉన్న బోర్డు చదివాను. మాడుగుల. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అంతకుముందు బస్సెక్కాలంటే ఇద్దర్ని అడిగేదాన్ని. ఒకడు అబద్ధం చెప్పినా రెండోవాడు చెప్పడని. చదవడం వచ్చాక అడగడం మానేశాను. అడిగితే చదువు రాని మనిషి అనుకుంటారని. బోర్డు చదివాను, చాలనుకున్నాను.

జనం గుమ్మం మీద పడ్డారు. మా వైపు సీటు పట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. కిటికీలోంచి తువ్వాలు వేస్తారు, సంచి వేస్తారు. గట్టివాళ్ళు పిల్లాణ్ణి వేస్తారు. తువ్వాలైతే తీసి అవతల పారేస్తారు గానీ పిల్లాణ్ణి పారెయ్యరు కదా. మా అబ్బాయిని చిన్నప్పుడు ఎన్నిసార్లు అలా ఎక్కించానో. అదే చేశాను. మనవడి చంకల కింద చేతులేసి ఎత్తి కిటికీలో పెట్టాను. లోపల ఎవరో ఒకామె, "ఇలగియ్యి పిన్నీ," అంటూ అందుకుని సీట్లో దించింది.

"అడ్డంగా తొంగో నాయినా. ఎవులేటన్నా సీటు ఒగ్గకు. మీయమ్మ వచ్చేస్తాది," అన్నాను.

"ఒగ్గను మామ్మా," అన్నాడు వాడు.

కోడలు వస్తోందేమోనని వెనక్కి చూశాను. ఈల వినిపించింది. తిరిగి చూసేసరికి బస్సు వెనక్కి నడుస్తోంది. డ్రైవరు సర్ది పెట్టుకుంటున్నాడనుకున్నాను. అది సర్దుకోలేదు. గేటు వైపు తిరిగింది.

"ఆపు బాబూ! ఆపు!" అని రేకు మీద కొడుతూ పరిగెత్తాను. గుమ్మంలో వేలాడుతున్నవాళ్ళు నవ్వారు. "ఎనకాల ఇంకోటుందిలే మామ్మా, కంగారేటి?" అన్నాడు ఒకడు. కిటికీలోంచి పిల్లాడి చెయ్యి బయటికి వచ్చింది. "మామ్మా, సీటు దొరికింది!" అని అరుస్తున్నాడు, ఆటనుకుని. చెయ్యి లోపలికి తీసుకోమని సైగ చేశాను. బస్సు గేటు దాటి, మాడుగుల వైపు కాకుండా రెండో వైపు తిరిగింది.

గేటు దగ్గర జామకాయలు అమ్ముకునే ఆమె, "అది అనకాపల్లి బస్సే," అంది. "ముందరి బోర్డు సూడలేదేటి? ఎనకాలది మార్సలేదు."

కోడలు వచ్చింది. నా చేతులు చూసింది.

"బాబేడి?"

కిటికీలోంచి వేశానని, బస్సు వెళ్ళిపోయిందని, అది అనకాపల్లి బస్సని వరసగా చెప్పాను. ఆమె కూతురి రెక్క పట్టుకుని బయటికి పరిగెత్తి, మనుషుల కోసం ఆగి ఉన్న ఆటోకి అడ్డంగా నిలబడింది. అందులో ముందే కూర్చున్న ముసలాయన సంగతి విని, సంచి తీసుకుని దిగిపోయాడు. "ఎల్లండమ్మా, బేగి ఎల్లండి," అన్నాడు.

రోడ్డు మీద గోతులు. ఆటో కుర్రాడు పక్క మట్టిలోకి దించి నడుపుతున్నాడు. "బస్సుకీ ఇవే గోతులమ్మా, ఏం భయపడకండి," అంటున్నాడు. కోడలు తల బయటపెట్టి చూస్తోంది. ఎదర ఒక లారీ, దాని ముందు ఏముందో కనబడదు. నాలుగేళ్ళవాడు. పేరడిగితే సిగ్గుపడి తల దించుకుంటాడు. అమ్మ ఏదని లేచి గుమ్మం దగ్గరికి నడిస్తే? ఎవరైనా, నా దగ్గరికి రామ్మా అని చెయ్యి పట్టుకుని మధ్యలో దిగిపోతే? ఆ చెయ్యి ఇంకా కిటికీ బయటే ఉంటే, ఎదురుగా లారీ వస్తే?

"వాడేం వేసుకున్నాడు అత్తయ్యా?" అంది కోడలు ఉన్నట్టుండి. "ఏం వేశాను వాడికి? నాకు గుర్తు రావడం లేదు."

పొద్దున్నంతా వాణ్ణి చెయ్యి పట్టుకుని తిప్పినదాన్ని, నాకూ గుర్తు రాలేదు. "పచ్చ బనీను," అంది మనవరాలు. "అమ్మా, తమ్ముడు ఇంకెప్పుడూ రాడా?"

"నోరు మూసుకో," అన్నాను. కోడలు నా వైపు చూసిన చూపుకి, ఆ మాట నాకే తగిలింది.

వెంకన్నపాలెం దగ్గర బస్సు ఆగి ఉంది. స్టాపులో కాదు, రోడ్డు పక్కన. ఆటో పూర్తిగా ఆగకుండానే కోడలు దూకేసింది. మోకాలు కొట్టుకుపోయింది. చూసుకోలేదు.

కండక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్కన, అతని సంచి పట్టా రెండు చేతులా పట్టుకుని పచ్చ బనీను. ఒకామె చంటిపిల్లతో నిలబడలేక సీటడిగిందట. వీడు అడ్డంగా పడుకుని కాళ్ళతో తన్నాడట. మాయమ్మ సీటు, మాయమ్మొస్తాది అని ఒకటే పాట. మీయమ్మేదిరా అని అడిగితే కిటికీ బయటికి చూపించాడట. అప్పుడు బస్సంతా వెతికితే వీడికి అమ్మే లేదు.

అమ్మని చూసేదాకా వాడు ఏడవలేదు. చూశాక ఆగలేదు. నిక్కరు తడిసిపోయి ఉంది. నేను దగ్గరికి వెళ్తే కాలితో తన్నాడు. "నువ్వు రాలేదేటి? నేను సీటు ఒగ్గలేదు, నువ్వే రాలేదు!"

కండక్టరు కోడలి మీద పడ్డాడు. "బుద్దుందేటమ్మా? సదువుకున్నదాన్లాగున్నావు. గుంటణ్ణి కర్చీఫులాగ సీట్లో పడేసి ఎటెళ్ళిపోనావు?" కిటికీలన్నిట్లోంచీ మొహాలు. సెలవులొచ్చేయంటే ఈళ్ళకి ఊరేగడాలే అంది ఎవరో. కోడలు పిల్లాడి తల భుజానికి అదుముకుని నిలబడింది.

"ఆ అమ్మనేటనకు బాబూ," అన్నాను. "ఎక్కొద్దని సెప్పింది. ఏసింది నాను."

అతను నా తల వైపు, చీర వైపు చూసి, ఇంకేదో అనబోయి ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఎండ నడినెత్తికి వస్తోంది. "ఎక్కండమ్మా, ఇంటికాడ దింపేస్తాను," అన్నాడు ఆటో కుర్రాడు. నేను ఎక్కబోయాను.

"వద్దు బాబూ. బస్సులో వెళ్తాం," అంది కోడలు.

"ఇంకా బస్సేటమ్మా?"

"ఇవాళ ఎక్కించకపోతే వీడు ఇంకెప్పుడూ ఎక్కడు." నా వైపు చూడకుండానే అంది.

చోడవరం బస్సు వచ్చింది. దాన్ని చూడగానే పిల్లాడు కర్రలా బిగుసుకుపోయి, తల్లి జుట్టు పిడికిట పట్టి కేకలు పెట్టాడు. ఆమె ఎక్కేసింది. ఎవరో లేచి చోటిస్తే, "సీటొద్దు, సీటొద్దు," అని ఇంకా గట్టిగా ఏడ్చాడు. కూర్చోలేదు ఆమె. ఒక చేత్తో పై కడ్డీ, ఒక చేత్తో వాడు. మోకాలి నుంచి రక్తం మడమ దాకా ఎండిపోయింది. నేను వెనక నిలబడి అది చూస్తూ వచ్చాను. సగం దూరం వచ్చాక వాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

"అమ్మా, రేపు కూడా వెళ్దామా?" అంది మనవరాలు.

"వెళ్దాం."

"ఎక్కడికి?"

"నడిచి వెళ్ళే చోటికి."

మామ్మ కూడా వస్తుందా అని ఆ పిల్ల అడుగుతుందేమోనని విన్నాను. అడగలేదు.

కాంప్లెక్సులో ముందు నేను దిగాను. దిగి, వెనక్కి తిరిగి, పిల్లాడి కోసం రెండు చేతులూ చాపాను. పై మెట్టు మీద నిలబడి కోడలు నా చేతుల వైపు చూసింది. వెనక జనం తోస్తున్నారు.

"పక్కకి జరగండి అత్తయ్యా," అంది.

జరిగాను. వాణ్ణి ఎత్తుకునే, కుంటుకుంటూ దిగింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ ఇవ్వను.