గిల్లుడు సారు

భరద్వాజ్ సారుకు ఒకటే జబ్బు. కంటబడిన ప్రతి మొక్కనూ గిల్లుతాడు. పూవు కోసం కాదు, కాయ కోసం కాదు. ఈరోజు ఆకును గిల్లి వదిలేస్తాడు, మర్నాడు వచ్చి అదే ఆకును తెంపి ఐసు డబ్బాలో వేసుకుని పోతాడు. ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే పెద్దమనిషిని ఊరంతా గిల్లుడు సారనే పిలుస్తుంది.

"గిల్లితే మొక్కకు కోపమొస్తాది. తినే పురుగుకు అరక్కుండా చేసే ప్రోటీన్లు తయారుచేసుకుంటాది. వంగ ఎంత చేస్తాది, శనగ ఎంత చేస్తాది, అలసంద ఎంత చేస్తాది, పోల్చి చూడాల గదా!" అని ఆయన వాదన. కూరగాయల మాబున్నికి కూడా ఈ పాఠం చెప్పాడు. విన్నవాళ్లు బుద్ధిగా తలూపి, తమ పూలకుండీలు ఇంట్లోకి మార్చుకునేవాళ్లు.

భార్య సీతాలక్ష్మికి మాత్రం ఆయనతో యాడికి పోవాలన్నా తల కొట్టేసినట్లుండేది. మొన్న పులివెందులలో వదినగారి గృహప్రవేశానికి పోతే, అక్కడ పూజ జరుగుతుండగానే సారు తులసికోట దగ్గర తేలాడు.

"ఏమండీ! తులసమ్మను గిల్లుతాండారా?"

"దణ్ణం పెట్టుకునే గిల్లినా లే సీతా."

మర్నాడు ఆకు తెంపాలి గనక ఆ రాత్రి కూడా అక్కడే మకాం. వదిన మూతి ఇంకా సర్దుకోలేదు.

అక్కడినుంచి తిన్నగా ఇంటికి వచ్చారా? లేదు. సారు బండిని జమ్మలమడుగు వైపు తిప్పాడు. ఊరికి ఇవతల రామసుబ్బయ్య చేను గట్టున వేసిన అలసంద వరసలంటే ఆయనకు ప్రాణం. గిల్లిన మొక్కలకు ఎర్ర ఊలుదారాలు కట్టి, వాటిని పసిబిడ్డల్లా చూసుకుంటున్నాడు.

తీరా పోతే అక్కడ కాడలే ఉన్నాయి. ఆకు లేదు, దారం లేదు.

"నీ మేకలే మేసినాయి! రేపట్నుంచి నీ జీవాలు మా చేన్లల్లో కాలు పెట్టగూడదు," అని రామసుబ్బయ్య అరుస్తున్నాడు. ఎదురుగా మందతో పెంచలమ్మ నిలబడి ఉంది. చక్రాయపేట నుంచి కోసిన చేన్లలో మేపుకోవడానికి వచ్చిన మనిషి.

"ఈ ఎండల్లో ఇంక యాడికి పోదునన్నా? మేత లేకుంటే అన్నీ సంతలో అమ్ముకోవాల్సిందే గదా!" అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనకున్న మేకపోతు మూతినుంచి ఎర్ర ఊలుదారం వేలాడుతోంది.

సీతాలక్ష్మి చూసింది. సారూ చూశాడు. చూసి, పోయి సరిగ్గా ఆ మేకపోతుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ ఆకులు నేనే గిల్లినా రామసుబ్బయ్యా."

"అన్నీనా?"

"పోల్చాలంటే శానా కావాల గదప్పా."

"మరి ఈ మేక పెంటికలు యాడివి సారూ?"

"అవా... ఎరువుకని నేనే తెచ్చి పోసినా."

రామసుబ్బయ్యకు ఈ పెంటికల సంగతి మింగుడుపడలేదు. సీతాలక్ష్మి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నిజమేనా?"

రెండు రోజులుగా ఆయన పులివెందులలోనే ఉన్నాడని ఆమెకు తెలియదా? ఆమె పెంచలమ్మ ముఖం చూసింది. మేకకు కాపలా కాస్తున్న మొగుణ్ణి చూసింది.

"నిజమేనన్నా. ఈయన చేతులు ఊరికే ఉంటాయా? నేనెంత మొత్తుకున్నా వినరు."

గిల్లుడు సారు గిల్లలేదంటే నమ్మరు గానీ, గిల్లాడంటే ఎవరు నమ్మరు?

"సరే, పెంచలమ్మా, పోయి మేపుకో. నీవు మాత్రం సారూ, ఇంకమీద నా చేన్లోనే కాదు, యాడా గిల్లద్దు."

"గిల్లను," అన్నాడు సారు. పోతూ పోతూ పెంచలమ్మతో గుసగుసగా, "ఆ దారం లాగేయ్ తల్లీ, దానికి అరగదు," అన్నాడు.

గిల్లనన్న ఆ ఒక్క మాట కోసం పెళ్లయిన నాటినుంచీ సీతాలక్ష్మి బతిమాలుతూనే ఉంది. పెళ్లానికి ఇవ్వని మాట మేకల కోసం ఇచ్చేశాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆయన మీద ఎన్నడూ లేనంత ముద్దూ వచ్చింది.

ప్రొద్దుటూరు దగ్గర్లో రోడ్డువార వంగతోట. బండి నెమ్మదించింది గానీ ఆగలేదు. సారు బిక్కముఖం వేసుకుని ముందుకే చూస్తున్నాడు.

"ఆపండి," అంది సీతాలక్ష్మి. దిగి, అటూ ఇటూ చూసి, ఒక వంగాకును గట్టిగా గిల్లి వచ్చి బండెక్కింది.

"పదండి. రేపు ఐసు డబ్బా నేను పట్టుకుంటా."