బోడకాకర మడిలో నా పెత్తనం

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ పట్టా చేతికొస్తే చాలు, మొక్కలన్నీ మనల్ని చూసి లేచి నిలబడతాయని నా గట్టి నమ్మకం. తొంభైల చివర్లో, కోస్తా నుంచి వచ్చి అల్వాల్‌లో కాపురముంటున్న మా ఇంటినుంచి రోజూ బస్సెక్కి, శామీర్‌పేట అవతల ఒక పరిశోధన క్షేత్రంలో కొలువుకు వెళ్లేవాణ్ని. గుట్టల్లో పొదలమీద తనంతట తాను కాసే బోడకాకరను మడిలోకి తెచ్చి మర్యాద నేర్పడం మా పని. (అడవిలో అది బాగానే ఉంది. మర్యాద తక్కువైంది మాకే.) వానాకాలంలో పెద్ద సారు వచ్చి పందిళ్లనిండా కాయలు చూస్తేనే నా కొలువు ఇంకో ఏడాది నిలుస్తుంది, లేకపోతే ఇంటికే.

గుట్టల్లోంచి దుంపలు తవ్వి తెచ్చి నాటింది కూలీల్లో పెద్దావిడ, అందరికీ అవ్వ. తీగలు పందిరెక్కి పూతకొచ్చాయి. సగం తీగలకు పూలకింద చిన్న పిందెలున్నాయి, మిగతా సగానికి ఉత్త పూలే. నాకు ఒళ్లు మండింది. నీళ్లు తాగుతూ, ఎరువు తింటూ, కాయ ఊసెత్తని సోమరులు! (ఆ మడిలో అంతకు మించిన సోమరి గొడుగు కింద కుర్చీలో ఉన్నాడని అప్పుడు తట్టలేదు.) అవన్నీ పీకెయ్యమన్నాను.

"సారూ, గవి మొగ తీగలు. గవి లేకుంటె కాయెట్ల పడ్తది?" అంది అవ్వ.

"నేను చదువుకున్నవాణ్ని అవ్వా, నువ్వు పీకు," అన్నాను. (బోడకాకరలో ఆడ, మగ వేరువేరు తీగలని నా పాఠంలోనూ ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అదే సంగతి మడిలోనూ ఉంటుందని ఎవరనుకుంటారు!)

వారం తిరక్కుండానే పిందెలన్నీ పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. పెద్ద సారు రావడానికి మూడు వారాలే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అవ్వా, నా కొలువు పోతుంది, ఏదో ఒకటి చెయ్యి," అని కాళ్లబేరానికొచ్చాను.

"అంత ఆగమాగం జేస్తివి గద సారూ! ఇగ ఏడ్వకు, జల్దీ బుట్ట వట్టు, గుట్టకు పోదాం పా," అంది. ఆ రోజునుంచి సాయంత్రం పూలు విచ్చుకునే వేళకు గుట్టల్లో మగ పూలు కోసి తెచ్చి, ఒక్కొక్క ఆడ పువ్వుకూ చేత్తో అద్దింది. నేను బుట్ట మోశాను. ఆ కొలువులో నేను చేసిన మొదటి పని అదే.

పెద్ద సారు వచ్చేసరికి పందిళ్లు కాయలతో నిండుగా ఉన్నాయి. ఆయన మడి చుట్టూ తిరిగి చూసి, "మగ తీగ ఒక్కటీ లేదే! కాయలెలా పడ్డాయోయ్?" అన్నారు.

"చేత్తో పుప్పొడి అద్దించాను సార్. నేనే ఆలోచించాను," అన్నాను, అవ్వ పక్కనే ఉండగా, సిగ్గూ శరం లేకుండా.

అవ్వ కాయలు కోస్తూ తలెత్తకుండానే, "అవ్ సారూ, అంత గీ సారే జేసిండు. మొగ తీగలు పీకిచ్చింది గూడ గీ సారే," అంది.

పెద్ద సారు నవ్వలేదు. నా కొలువును ఇంకో ఏడాది పొడిగించారు, అవ్వ దగ్గర పని నేర్చుకోవాలనే షరతు మీద. నివేదికలో మాత్రం ఆ పద్ధతికి ఆయన పేరూ నా పేరూ ఉన్నాయి. అవ్వ 'కూలీలు నలుగురు' అన్న మాటలో ఎక్కడో ఉంది. రాసింది నేనే. అచ్చులో నా పేరు చూసుకుని ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ నవ్వు పూర్తికాకముందే సిగ్గేస్తుంది.