కమ్మలక్క ఎడమ చెవి

మా షాపులో కమ్మలక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఇరవై రెండేళ్లుగా కింది అంతస్తులో మెట్ల పక్కనున్న చెవి కమ్మల కౌంటరు ఆమెది. దానికెదురుగా ఉన్న చేతిసంచుల కౌంటరు నాది. మధ్యలో నాలుగడుగుల దారి. ఆమె నవ్వితే నాకు వినిపిస్తుంది, నేను గొణిగితే ఆమెకు వినిపిస్తుంది. నేనే ఎక్కువ గొణుగుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఉంటే ఉంది, ముక్కు నాదేగా.

అక్క అమ్మే తీరే వేరు. వచ్చిన మనిషిని ఏం కావాలని అడగదు. ఒకసారి ఇలా తిరగమ్మా అంటుంది. జుట్టు పక్కకు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెవి తమ్మెను పట్టుకుని కొద్దిగా కిందికి లాగి వదులుతుంది. ఎంత సాగింది, ఎంత తొందరగా వెనక్కి పోయింది, రంధ్రం ఎక్కడుంది, ఏళ్ల తరబడి ఎంత కిందికి జారింది, ఇవన్నీ ఆ ఒక్క లాగుడులో తెలుసుకుంటుంది. అప్పుడే ట్రే బయటికి తీస్తుంది. మనసుపడి చూపించినదాన్ని కూడా, ఇది నీ చెవికి వద్దు అని మొహం మీదే చెప్పేస్తుంది. కొత్తవాళ్లు మొదటిసారి మూతి ముడుచుకుంటారు, రెండోసారి వచ్చి ఆమె కోసమే వెతుకుతారు. అమ్మడానికి కూర్చున్నావా, అమ్మకుండా ఆపడానికి కూర్చున్నావా అని నేను ఎన్నిసార్లు దెప్పానో. చెవి ఒప్పుకోనిది అంటగడితే ఆ మనిషి మళ్లీ ఈ మెట్లెక్కుతుందా అని ఆమె జవాబు.

పెద్దాయన షాపు పెత్తనం కూతురికి అప్పగించాక మాకు చిన్న మేడమ్ వచ్చింది. చురుకైన మనిషి, చెడ్డది కాదు. ఆమె ఒక సోమవారం మెట్ల పక్క గోడకు మనిషెత్తు తెర పెట్టించింది. దాని నెత్తిన ఒక కెమెరా. ఎదురుగా నిలబడి వేలితో నచ్చిన కమ్మలు ఎంచుకుంటే చాలు, తెరలో మన చెవులకు అవి వచ్చేస్తాయి. తల తిప్పితే అవీ తిరుగుతాయి, ఊగుతాయి. ఇదే తంతు ఇంట్లో కూర్చుని ఫోన్లోనూ చేసుకోవచ్చు. కళ్లద్దాలు, స్కార్ఫులు, బెల్టులు, నా సంచులు, అన్నీ అందులో ఉన్నాయి. మేమంతా దానికి మాయద్దం అని పేరు పెట్టాం. నా కౌంటర్లో అన్నిటికంటే ఖరీదైన సంచి భుజాన వేసి చూపిస్తే నేనూ కాసేపు అక్కడే నిలబడిపోయాను, అబద్ధమెందుకు. దాన్ని బిగించి, రోజూ పొద్దున్నే వచ్చి చూసుకునే ఇంజినీరు బక్కపల్చటి మనిషి. లోకానికంతా కళ్లద్దాలు పెట్టి చూపించేవాడు తన కళ్లద్దాల్ని ముక్కు మీద నిలబెట్టుకోలేక, మాటిమాటికీ పైకి తోసుకుంటూ ఉండేవాడు.

మూడో వారం చిన్న మేడమ్ అక్కను పైకి పిలిచింది. ఏడాది చివరికి కమ్మల కౌంటరు ఎత్తేస్తాననీ, అక్కడ ఇంకో రెండు మాయద్దాలు వస్తాయనీ, అక్కను కింద నేలమాళిగలో పార్సిళ్లు కట్టే గదికి మారుస్తాననీ చెప్పింది. జీతం అదే, నిలబడే పని తగ్గుతుంది అని మర్యాదగానే చెప్పిందట. పని అలవాటు కావడానికి వారానికి రెండు రోజులు ఇప్పటినుంచే వెళ్లమంది. అక్క కిందికి దిగి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు ట్రేలు తుడుస్తూనే ఉంది. తర్వాత నావైపు చూసి, "చెవులే కనబడని చోట నేనేం చెయ్యనే?" అంది. నేను చేతిలో ఉన్న సంచి జిప్పు ఊరికే తీస్తూ వేస్తూ కూర్చున్నాను. 

ఆ పార్సిళ్ల గదికి కిటికీ లేదు. పొద్దస్తమానం టేపు చింపే చప్పుడు. ఒక మూల పెద్ద డబ్బాలో, కొన్నవాళ్లు తిప్పి పంపిన కమ్మలు. అక్కడివాళ్లు, ఎందుకు వద్దో రాసి పంపిన చీటీలు పీకి పారేసి సరుకు మళ్లీ అరల్లో సర్దుతారు. అక్క చీటీలు చదవడం మొదలుపెట్టింది. పొడవైపోయాయి. భుజానికి తగులుతున్నాయి. చెవి లాగేస్తోంది. అద్దంలో ఇలా లేవు. తిరిగొచ్చినవన్నీ బరువైనవే, వేలాడేవే. పంపినవాళ్లలో సగం మంది పేర్లు ఆమెకు తెలుసు, పేర్లకంటే వాళ్ల చెవులు ఇంకా బాగా తెలుసు. అందరూ నలభై దాటినవాళ్లు. ఆ కమ్మలు ఆమె చచ్చినా వాళ్లకు అమ్మి ఉండేది కాదు.

ఆ సంగతి చిన్న మేడమ్‌తో చెప్పింది. కొత్తదేదైనా మొదట్లో ఇలాగే ఉంటుంది, జనం అలవాటుపడతారు అని ఆమె పెడచెవిన పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. పైకెళ్లి నాలుగు మాటలు కడిగేసి వద్దామని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీ నోటితో అయ్యే పని కాదు. కళ్లకు కనబడేది కావాలి" అంది.

ఇక్కడ అక్క ఎడమ చెవి సంగతి చెప్పాలి. ఆమె ఎప్పుడూ జుట్టును రెండు పక్కలా చెవుల మీదికి దువ్వుకుని పిన్నులు పెట్టుకుంటుంది. కుడిచెవికి ఆవగింజంత దుద్దు. ఎడమ చెవి ఎవరికీ కనబడదు. ఒక వానరోజు తల తుడుచుకుంటుంటే నేను చూశాను కాబట్టి నాకొక్కదానికే చెప్పింది. పదిహేడేళ్లప్పుడు ఒక పెళ్లిలో ఫోటోలకోసం మేనత్త దగ్గర పెద్ద బుట్టకమ్మలు అరువు తీసుకుని పెట్టుకుందట. పొద్దున్నించీ చెవి లాగుతూనే ఉందట. ఫోటోలు బాగా రావాలని ఓర్చుకుందట. సాయంత్రం ఎవరిదో పమిట తగులుకుని తమ్మె కిందిదాకా చీలిపోయింది. కుట్లు వేసినా సరిగా అతకలేదు, సగం తమ్మె పోయింది. మళ్లీ కుట్టించుకునే ధైర్యం చెయ్యలేదు. ఆ పొద్దున ఎవరైనా ఒక్కసారి నా చెవి పట్టి చూసుంటే బాగుండేదే అంది. అందుకే ఇరవై రెండేళ్లుగా ఆమె అందరి చెవులూ పట్టి చూస్తోంది.

ఒకరోజు నేను పెందలాడే వచ్చి సంచుల మీద దుప్పటి తీస్తున్నాను. షట్టరు ఇంకా ఎత్తలేదు. అక్క ఒంటరిగా మాయద్దం ముందు నిలబడి ఉంది. ఎర్రరాళ్ల పెద్ద బుట్టలు ఎంచుకుంది. అటూ ఇటూ చూసి, జుట్టు వెనక్కి తీసింది. తెరలో రెండు చెవులకూ రెండు బుట్టలు వేలాడుతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత. ఆమె మెల్లగా తల తిప్పింది, అవి ఊగాయి. ఇంకోసారి తిప్పింది. ఆమె మొహంలో పదిహేడేళ్ల పిల్ల కనిపించింది నాకు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆమెకూ, దాక్కుని చూస్తున్న నాకూ. ఈ తెర మీద నాకున్న కోపమంతా ఆ నిమిషంలో పోయింది.

అంతలో ఆమె చెయ్యి తన ఎడమ చెవి మీదికి వెళ్లింది. మొహం మారిపోయింది. నేనున్నానని ఆమెకు ముందే తెలుసేమో, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఇది దేనికి వేలాడుతోందే? నా చెవికి రంధ్రమే లేదుగా."

ఏదో ఒకదానికి వేలాడుతోంది, ఎంత బాగున్నావో చూసుకో, ఊరికే తవ్వకు అన్నాను.

"బాగున్నాను. అదే కదా దీని తప్పు" అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. ఈ తెర మన చెవిని చూడటం లేదు. తనకు తెలిసిన ఒక లేత చెవిని అందరికీ తగిలించి, దానికి కమ్మ వేలాడదీస్తోంది. ఇరవై ఏళ్ల పిల్లకు అది సరిపోతుంది. నలభై అయిదేళ్ల మనిషికి రంధ్రం ఎప్పుడో జారి ఉంటుంది, తమ్మె మెత్తబడి ఉంటుంది, బరువు పడితే ఇంకా దిగుతుంది. తెరలో దవడ దగ్గర ఆగిన కమ్మ ఇంట్లో భుజం మీద కూర్చుంటోంది.  అది రుజువు చెయ్యాలంటే ఆమె తన చెవిని అందరి ముందూ చూపించాలి. నేను వెళ్లి ఇంజినీరుకు నోటితో చెబుతాను, నువ్వు చూపించనక్కర్లేదు అన్నాను. నోటితో చెప్పడం అయిందిగా అంది అక్క.

మర్నాడు షట్టరు ఎత్తేముందు రోజూలాగే అందరం మెట్ల దగ్గర నిలబడ్డాం. చిన్న మేడమ్ చెప్పేది చెప్పాక అక్క ముందుకొచ్చింది. కుడిచెవి దుద్దు తీసి, నిజం బుట్ట పెట్టుకుంది. మాయద్దంలో అదే బుట్టను ఎడమవైపు ఎంచుకుంది. ఆ తర్వాత పిన్నులు ఒక్కొక్కటే తీసి, జుట్టంతా పైకెత్తి ముడి వేసింది. స్కార్ఫుల కౌంటరు పిల్ల కిసుక్కుమంది. నేను చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"మేడమ్, ముందు అద్దంలో నా ఎడమ చెవి చూడండి. తర్వాత నన్ను చూడండి."

చిన్న మేడమ్ తెరను చూసింది, అక్కను చూసింది. తెరలో నిండైన చెవికి బుట్ట దర్జాగా ఊగుతోంది. ఇటు సగం తమ్మె, పాత కుట్ల మచ్చ. కుడివైపున నిజం బుట్ట తెరలోదానికంటే రెండు వేళ్లు కిందికి దిగి మెడకు ఆనుతోంది. ఇంజినీరు కళ్లద్దాలు ముక్కు చివరికి వచ్చేశాయి, ఆయన వాటిని తోసుకోవడం కూడా మర్చిపోయాడు. చిన్న మేడమ్, ఏ చెవి ఎంత దిగుతుందో ఎలా తెలుస్తుంది అని అడిగింది. అక్క బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది.

తర్వాత నాలుగు వారాలు ఇంజినీరు అక్క కౌంటరు పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ప్రతి కమ్మనూ తూకం వేశారు. మా అందరి చెవులూ లాగి కొలిచారు, కాపలా ఆయన అత్తగారి చెవులతో సహా. మొదట్లో ఇంజినీరు ఒకళ్ల చెవి ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. బళ్లో మీ మాస్టారు చెవి పట్టుకోవడం నేర్పలేదా అని అక్క ఆటపట్టించేది. ఇప్పుడు మాయద్దం ముందుగా జుట్టు వెనక్కి తియ్యమంటుంది, రంధ్రం ఎక్కడుందో వెతుక్కుంటుంది. పక్కనే అక్క చెవి పట్టి చూసి, గట్టి, మధ్యరకం, మెత్తన, తెర మీద ఈ మూడింట్లో ఒకటి నొక్కుతుంది. కమ్మ బరువును బట్టి ఎంత దిగాలో అంతే దిగుతుంది. ఫోన్లో కొనేవాళ్లు కూడా ఒక్కసారి వచ్చి చెవి చూపించుకుంటే చాలు, ఫోను గుర్తుపెట్టుకుంటుంది. నేలమాళిగలో తిప్పి పంపిన కమ్మల డబ్బా ఖాళీ అయింది, ఇప్పుడు దాన్ని బోర్లించి కుర్చీలా వాడుకుంటున్నారు. కౌంటరు ఎత్తేసే మాట చిన్న మేడమ్ మళ్లీ ఎత్తలేదు. దాన్ని మాయద్దం పక్కకు జరిపించింది, అంతే. మా మిగతా షాపులనుంచి ఇద్దరిద్దరు చొప్పున అక్క దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తున్నారు, తిట్లు తిని వెళ్తున్నారు.

సరిచేసిన మాయద్దం సిద్ధమైన రోజు మొదట అక్కే చూడాలని ఇంజినీరు పట్టుబట్టాడు. అందరి ముందూ చెవి చూపించిన రోజునుంచి ఆమె జుట్టు ముడే వేసుకుంటోంది. ఎర్రరాళ్ల బుట్టలే ఎంచుకుంది. కుడిచెవికి బుట్ట వచ్చింది, దిగాల్సినంత దిగింది. ఎడమ చెవికి ఏమీ రాలేదు. తెర కాసేపు వెతికి, రంధ్రం కనబడలేదు అని చిన్న అక్షరాల్లో రాసింది.

ఇంజినీరు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. అక్క ఒక్కదానికి మాత్రం పాతలాగే కనబడేట్టు చేసేస్తాను, రెండు నిమిషాల పని అన్నాడు. చెయ్యి, ఎవరి సొమ్మేం పోయింది అని నేనూ ఎగిరాను. ఆయన మీద, తెర మీద, ఎప్పుడో పోయిన ఆ మేనత్త మీద కూడా కోపమొచ్చింది నాకు. అక్క తెరలోని తన ఎడమ చెవిని తీరిగ్గా చూసుకుంది.

"వద్దు బాబూ. నా దగ్గర అబద్ధం ఆడితే, రేపు దీని మాట నేను ఇంకొకళ్లకు ఎలా చెప్పను?"

ఆ వారంలోనే ఒక పదహారు, పదిహేడేళ్ల పిల్ల తల్లితో వచ్చింది. ఏదో పెళ్లిలో ఫోటోలకట, అవే ఎర్రరాళ్ల బుట్టలు కావాలంది. అక్క ఆ పిల్ల చెవి తమ్మెను ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టుకుని వదిలి, మెత్తన నొక్కింది. ఇవి నీకు వద్దమ్మా అంది. ఒక్క రోజేగా, ఓర్చుకుంటాను అంది పిల్ల. అక్క తన ఎడమ చెవి ఆ పిల్లవైపు తిప్పింది. ఆ తర్వాత తేలిక రకాల ట్రే తీసి ముందు పెట్టింది. ఆ పిల్ల అందులోంచే ఒకటి ఎంచుకుంది.